మిస్సోరీ ఫెస్క్యూ మేతబీళ్లలో

జూలైలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మౌంట్ వెర్నన్ వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా పచ్చికే. మేత పుష్కలంగా ఉంది, ఆవులు మాత్రం మేయడం లేదు. నల్లటి యాంగస్ ఆవులు పొట్టల దాకా కుంటలో దిగి నిలబడి ఉన్నాయి. కొన్నింటికి చలికాలపు బొచ్చు ఇంకా రాలనేలేదు.

మేం కలిసిన రైతు, "ఎండ ఒక్కటే కాదు, ఇది గడ్డి పని" అన్నాడు. ఆ గడ్డి టాల్ ఫెస్క్యూ, రకం కెంటకీ 31. 1931లో కెంటకీలోని మెనిఫీ కౌంటీలో ఒక కొండవాలు మీద దొరికితే, 1943లో విడుదల చేశారు. కరువుకీ పురుగుకీ తట్టుకుంటుందని అంతా చల్లుకున్నారు. ఆ మొండితనం చాలావరకు గడ్డి లోపల బతికే శిలీంధ్రం వల్ల వచ్చిందే. పైకి ఏమీ కనబడదు. ఎర్గోవలీన్ అనే విషం కూడా దాని వల్లే తయారవుతుంది. పశువు రక్తనాళాలు బిగుసుకుపోయి ఒంట్లో వేడి బయటికి పోదు. దూడలు బరువు పెరగవు, ఆవులు సరిగా చూడి కట్టవు. చలికాలంలో కాళ్లకి రక్తం అందక గిట్టలు ఊడిపోవడం కూడా ఉందట. అది విని నాకు మనసంతా అదోలా అయిపోయింది.

విషం ఎక్కువగా చేరేది కంకుల్లో. అందుకే వేసవి ముదిరేలోపే ఆయన కంకులు కోసేస్తాడు. మధ్యమధ్య రెడ్ క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క విత్తనాలు చల్లాడు. దాంతో ఫెస్క్యూ వాటా తగ్గుతుంది, పైగా క్లోవర్‌లో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు బిగిసిన రక్తనాళాలను సడలిస్తాయి. నత్రజని ఎరువు ఎక్కువైతే విషం పెరుగుతుంది కాబట్టి అక్కడా చెయ్యి బిగించాడు. ఆగస్టు మధ్యలో కొన్ని బీళ్లలోకి పశువుల్ని వదలడం ఆపేసి, పెరిగిన గడ్డిని చలికాలానికి దాస్తాడు. అప్పటికి విషం బాగా తగ్గుతుంది. కరెంటు కంచె తీగ జరుపుకుంటూ కొంచెం కొంచెంగా మేపుతాడు.

ఒక బీడులో పాత గడ్డిని మందు కొట్టి చంపి, మధ్యలో వేరే పైరు వేసి, మళ్లీ మందు కొట్టి, పశువుకి హాని చెయ్యని శిలీంధ్రం ఉన్న ఫెస్క్యూ వేశాడు. అక్కడి ఆవులు మధ్యాహ్నం కూడా మేస్తున్నాయి, ఒళ్లు నున్నగా ఉంది. అయితే అన్నాళ్లూ ఆ బీడులో మేత ఉండదు, ఖర్చూ ఉంది. వాలు మీద రాళ్ల నేల ఉన్నవాళ్లు ముందు క్లోవర్‌తో మొదలుపెట్టడమే మంచిదని నాకనిపించింది. ఆయన మాత్రం ఈసారి ఇంకో బీడు మార్చి, తొలిచూలు పెయ్యలకి కేటాయిస్తానన్నాడు. చూడి నిలవక ఎక్కువగా నష్టపోయింది వాటితోనేనట.