కృష్ణ ఒడ్డున విన్న మోత

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ అనే మోటారు పడవల ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు చూశాను. ఆ మోత ఇంకా చెవుల్లోనే ఉంది. ఒక బోటు దాదాపు నీళ్లను వదిలేసి దూసుకుపోయింది, వెనక తెల్లటి తుంపర గోడలా లేచింది.

ఆ రాత్రి నిద్రపట్టక వాటి గురించే చదివాను. రెండు పక్కలా నీటిని తాకే సన్నటి పొట్టల్లాంటి భాగాలు, మధ్యలో సొరంగంలాంటి ఖాళీ. అందులో దూరిన గాలే బోటును పైకి లేపుతుంది. గాలి మరీ ఎక్కువైతే ముక్కు లేచి వెనక్కి తిరగబడుతుంది.

ఇటలీ కోమో సరస్సు దగ్గర మొలినారి కుటుంబానిది ఈ పడవల తయారీలో పెద్ద పేరు. ఆ ఇంటి రెనాటో 1981లో ప్రపంచ ఛాంపియన్. అప్పట్లో కాక్‌పిట్‌కు, అంటే డ్రైవరు కూర్చునే చోటుకు, పైకప్పే లేదు. ఎందరో డ్రైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నాకే ఇప్పటి గట్టి కాక్‌పిట్ వచ్చింది. పాత ఫొటోల్లో హెల్మెట్, లైఫ్ జాకెట్‌తో కూర్చున్న వాళ్లను చూస్తే గుండె పట్టేసినట్టుంటుంది.