ఫెరిటిన్ నార్మల్ అన్నారు, ఒంట్లో మాత్రం ఐరన్ లేదు: నా అనుభవం

ఐరన్ సెలైన్ ఎక్కించుకున్నాక ఈ వారమే కాస్త ఓపిక వచ్చింది. కోపం చల్లారకముందే ఇదంతా రాయాలని కూర్చున్నాను. కీళ్ళవాతం, పేగుల వాపు, కిడ్నీ జబ్బు లాంటి దీర్ఘరోగాలున్నవాళ్ళు తప్పకుండా చదవండి.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, నొప్పి బాగా ఎక్కువైతే నొప్పి బిళ్ళ. ఖమ్మంలో స్కూల్ టీచర్‌ని. పోయిన వేసవి నుంచి నిలబడి పాఠం చెప్పలేనంత నీరసం, మెట్లెక్కితే ఆయాసం. వంటింట్లోకి వెళ్తే చాలు, డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసి నమలాలనిపించేది. హిమోగ్లోబిన్ చూపిస్తే 9.2. మా ఊళ్ళో ఫిజీషియన్ ఐరన్ మాత్రలు రాశారు. ఇంతవరకూ అంతా మామూలే.

నెలల తరబడి వేసుకున్నా హిమోగ్లోబిన్ కదల్లేదు. అప్పుడు మొదలైంది అసలు బాధ. రిపోర్టు చూసి ఆయన, ‘ఏమ్మా, టీచరువి కదా, అబద్ధం చెప్పొచ్చా? మాత్రలు వేసుకుంటే రక్తం పట్టకుండా ఎలా ఉంటుంది?’ అన్నారు. తలుపు తీసే ఉంది, బయట బెంచీ మీద మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను బ్యాగులోంచి ఖాళీ స్ట్రిప్పులన్నీ తీసి ఆయన బల్ల మీద పెట్టాను. మలబద్ధకంతో చచ్చిపోతూ కూడా ఒక్కపూట మానలేదని చెప్పాను. ఆయన వాటివైపు చూడను కూడా లేదు.

ఒంట్లో ఐరన్ నిల్వలెంతో చూపే రక్తపరీక్ష, ఫెరిటిన్, చేయించమన్నారు. 58 వచ్చింది, పక్కన ల్యాబ్ రేంజి 13 నుంచి 150. ‘ఐరన్ నిల్వలు బాగానే ఉన్నాయి, ఇంకేంటి నీ బాధ?’ అని నన్నడిగి, నా జవాబు వినకుండా మావారి వైపు తిరిగి, ‘ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా సార్? మేడంకి నిద్రకి ఒక మాత్ర రాస్తాను’ అన్నారు. జబ్బు నాది, మాట్లాడేది నా భర్తతో! బియ్యం తినాలనిపిస్తోందని చెబితే నవ్వారు. తినకూడనివి తినాలనిపించడం ఐరన్ లోపంలో బాగా తెలిసిన లక్షణమట. ఆడమనిషి నీరసంగా ఉందంటే ముందు మనసుకి అంటగట్టే ఈ అలవాటు వైద్యంలోంచి పోవాలి. ఎంతమంది ఆ నిద్రమాత్రలు మింగుతూ ఉండిపోయారో!

నేను ఊరుకోలేదు. పాత రిపోర్టులన్నీ తీసి, తేదీల వారీగా నోట్‌బుక్‌లో పట్టిక గీసి, హైదరాబాద్‌లో రుమటాలజిస్టు దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ ఆ పట్టికని ఫోన్లో ఫోటో తీసుకున్నారు, మిగతా పేషెంట్లకి చూపిస్తానన్నారు. గర్వంగానే చెబుతున్నాను.

ఆవిడ వేలు ముందు ఆగింది ఫెరిటిన్ మీద కాదు, ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష మీద. 34 ఉంది. 5 దాటితేనే ఒంట్లో వాపు ఉన్నట్టు లెక్క. అలా వాపు ఉన్నప్పుడు ఐరన్ లేకపోయినా ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుందట. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 15 కంటే తక్కువైతే లోపం అని, ఇన్‌ఫెక్షనో వాపో ఉంటే 70 కంటే తక్కువైనా లోపమే అని రాసి ఉంది. నా 58 ఆ లెక్కన లోపమే. ల్యాబ్ కాగితం మీద ఆ రెండో గీత ఎక్కడా ఉండదు.

మాత్రలు ఎందుకు పనిచేయలేదో కూడా చెప్పారు. వాపు వల్ల లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ని ఎక్కువగా వదులుతుంది. అది గోదాముకి తాళం వేసినట్టు, పేగుల్లోంచి ఐరన్ రక్తంలోకి రానివ్వదు, ఉన్న నిల్వల్ని కూడా బయటికి వదలదు. అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. ఆ స్ట్రిప్పులు అబద్ధం కాదు.

నాకు రాసిన పరీక్షలు ఇవి: పరగడుపున, ముందురోజు ఐరన్ మాత్ర ఆపి, సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో). 24, 268 వచ్చాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వందతో గుణిస్తే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, అంటే ఐరన్ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో, నాకు 9 శాతం. 20 కంటే తగ్గితే అనుమానించాలి. అయితే ఒట్టి వాపు వల్ల కూడా ఇది తగ్గుతుంది కాబట్టి, సాల్యుబుల్ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ పరీక్ష కూడా చేయించారు. దాని మీద వాపు ప్రభావం పెద్దగా ఉండదు, కణాలకి ఐరన్ చాలకపోతే పెరుగుతుంది. నాది ఎక్కువే వచ్చింది. ఖరీదైన పరీక్ష, అన్నిచోట్లా చేయరు. తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు లక్షణం ఉన్నా అది పెరుగుతుందని ముందే ఆ పరీక్ష కూడా చేసి లేదని తేల్చారు.

మాత్రలు పనిచేయవు కాబట్టి ఐరన్ని సెలైన్‌లా నేరుగా నరంలోకి ఎక్కించారు, అది తేలిగ్గానే అయిపోయింది.

ఫుల్ బాడీ ప్యాకేజీలంటూ ఫోన్లు చేసేవాళ్ళని నమ్మకండి. ఫెరిటిన్ ఉంటుంది గానీ సీఆర్‌పీ ఉందో లేదో అడగండి, రెండూ ఒకే రోజు రక్తంలో చూడాలి. జ్వరం, జలుబు ఉన్న రోజుల్లో ఫెరిటిన్ చేయించకండి. డాక్టరు కేవలం రేంజి దాటిందని ల్యాబ్‌వాళ్ళు బోల్డుగా అచ్చువేసిన అంకెలే చూస్తుంటే వేరే డాక్టర్ని చూసుకోండి.

ఇక ఐరన్ ఎందుకు పోతోందో కూడా వెతికారు. మలంలో రక్తం ఆనవాళ్ళు కనిపించాయి, నొప్పి బిళ్ళల వల్ల కడుపులో పుండు పడిందని ఎండోస్కోపీలో తేలింది, దానికి మందు వాడుతున్నాను. సెలైన్ ఎక్కిన వెంటనే ఫెరిటిన్ లేనిపోని ఎత్తుకి వెళ్తుంది కాబట్టి నెల దాటాకే మళ్ళీ పరీక్ష. చీటీలో ఫెరిటిన్ పక్కనే సీఆర్‌పీ కూడా రాయించుకున్నాను.