నోట్లో తెల్లమచ్చ తుడిస్తే పోతోందా?

నోట్లో ఏం వచ్చినా మన దగ్గర ఒకటే మాట, "వేడి చేసింది". సబ్జా నీళ్లు తాగమంటారు, మందుల షాపుకెళ్తే బీ కాంప్లెక్స్ స్ట్రిప్ చేతిలో పెడతారు. మామూలు నోటిపూత ఏం వాడినా వాడకపోయినా వారం పది రోజుల్లో తగ్గేదే కాబట్టి పేరు మాత్రలకొస్తుంది. నేను చెప్పేది ఆ పుండ్ల గురించి కాదు, నొప్పీ మంటా లేకుండా తెల్లగా కనపడే మచ్చల గురించి.

అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చ్ వేసుకుని, శుభ్రమైన మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. పెరుగు మీగడలా ఊడొచ్చి కింద ఎర్రగా ఉంటే చాలావరకు అది క్యాండిడా అనే ఫంగస్. షుగర్ అదుపులో లేనివాళ్లకి, యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడినవాళ్లకి, కట్టుడు పళ్లు తీయకుండానే పడుకునేవాళ్లకి వస్తుంటుంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లు ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు! డాక్టర్ రాసిచ్చే క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్‌తో మామూలుగా తగ్గిపోతుంది. పదే పదే వస్తుంటే మాత్రం షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోవాలి, సిగ్గుపడే విషయం కాదు.

రెండు బుగ్గల లోపలా పళ్లు కలిసే ఎత్తులో సన్నటి తెల్లగీత ఉంటే టెన్షన్ వద్దు, అది చాలామందికి ఉండేదే.

అసలు భయపడాల్సింది తుడిచినా పోని మచ్చకి. ఖైనీ, గుట్కా దవడలో ఎక్కడ నొక్కిపెడతారో సాధారణంగా అక్కడే మొదలవుతుంది, డాక్టర్లు ల్యూకోప్లేకియా అంటారు. పొగాకు లేకుండా ఉత్త వక్క నమిలినా ముప్పు ఉంది. మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ ఇంకో రకం: చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు, ఎక్కువగా ఆడవాళ్లే, దాంతో అంగిలి తెల్లబారి మధ్యలో ఎర్ర చుక్కలు పడతాయి. మా పెద్దమ్మకి చెప్పి చూశాను, "నొప్పి నేదు కదే, ఏటవుద్ది?" అంది. వచ్చిన చిక్కే అది, ఈ మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు.

ప్రతి తెల్లమచ్చా క్యాన్సర్ అవదు, కానీ ఏది అవుతుందో కంటితో చూసి చెప్పడం డాక్టర్ తరం కూడా కాదు. అందుకే రెండు వారాలు దాటినా పోకపోతే దంతవైద్యుడికి చూపించండి. తెలుపులో ఎరుపు కలిసినా, గట్టిపడినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం, అంతే. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో అంటారు గానీ అది ఉత్తమాట, దాన్ని నమ్మి నెలలు పోగొట్టుకోవడమే అసలు ప్రమాదం.

పొగాకు మానేశాక కొందరికి మచ్చ చిన్నదవుతుంది, పూర్తిగా పోయేవాళ్లూ ఉన్నారు. పోయినా సరే డాక్టర్ చెప్పినన్నాళ్లూ చూపించుకుంటూనే ఉండాలి. మానడం ఒంటరిగా కుదరట్లేదంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్, డబ్బులేం కట్టక్కర్లేదు.