పెళ్లి విందుకు కాక్నీ పాటలు ఎంచుకున్న తీరు

మా మేనకోడలి పెళ్లి విందు వచ్చే నెలలో రామ్‌ఫర్డ్‌లో జరగబోతోంది. పెళ్లికొడుకు తాతముత్తాతలు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ వాస్తవ్యులు. ఈస్ట్ ఎండ్‌లోని, అంటే లండన్ తూర్పు పేటల్లోని, అనేక కుటుంబాల మాదిరిగానే వారు కూడా రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఎసెక్స్ వైపు వచ్చి స్థిరపడ్డారు. భోజనాలు ముగిసిన తరువాత, డీజే మొదలు కాకముందు, ముప్పావు గంట సేపు పాత కాక్నీ పాటలను, అంటే లండన్ శ్రామిక పేటలవారు తమ యాసలో పాడుకునే పాటలను, అందరూ కలిసి పాడుకోవాలని వియ్యాలవారు కోరారు. ఈస్ట్ హామ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నవాణ్ణి, పాటలంటే చెవి కోసుకునేవాణ్ణి కనుక ఆ పాటల ఎంపికను మా చెల్లెలు నాకు అప్పగించింది. ఇటువంటి పెళ్లిళ్లు ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు అరుదు కావు కాబట్టి, మేము ఏ పాటలను ఎందుకు తీసుకున్నామో, వేటిని ఎందుకు పక్కన పెట్టామో వివరంగా రాస్తున్నాను.

ఈ పాటలకు ప్రాణం పల్లవి. వీటిలో ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదటా లండన్ మ్యూజిక్ హాళ్లలో పుట్టినవి. సారాయి దుకాణాల వెనుక గదుల్లో మొదలైన కచేరీలే క్రమంగా పెద్ద హాళ్లుగా ఎదిగాయి. 1859లో తెరిచిన విల్టన్స్, 1863 నాటి హాక్స్‌టన్ హాల్, 1901లో కట్టిన హాక్నీ ఎంపైర్ ఈనాటికీ నిలిచి ఉన్నాయి. అక్కడ గాయకుడు చరణంలో కథ చెప్పేవాడు, పల్లవి వచ్చేసరికి హాలంతా గొంతు కలిపేది. మైకులు లేని ఆ కాలంలో జనం నోట పడని పల్లవి నాలుగు రోజులు కూడా బతికేది కాదు. అందువల్ల వంద సంవత్సరాల తరువాత కూడా మిగిలినవి పల్లవులే. చరణాలు తెలిసినవారు కాక్నీ కుటుంబాల్లోనే నేడు చాలా తక్కువ. ఇంటర్నెట్‌లో దొరికే పాటల జాబితాలను అలాగే దించుకుని మూడేసి చరణాలూ పాడించబోతే, మొదటి చరణం దగ్గరే బల్లల మీద కబుర్లు మొదలవుతాయి. కాబట్టి పల్లవి వినగానే ఆ గదిలో కనీసం సగం మంది అందుకోగలరా అన్న ఒక్క ప్రశ్ననే ప్రతి పాటకూ వేసుకున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి పెళ్లికొడుకు నాయనమ్మ. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క పాట పేరూ చెబుతూ, పల్లవి పాడుతూ, ఏ పాటకు తమ వాళ్లలో ఎవరు లేస్తారో, ఎవరు కూర్చునే పాడతారో చెప్పుకొచ్చారు. ఆవిడ ఎక్కువసేపు నిలిచిన పాట 'మై ఓల్డ్ డచ్' (కాక్నీ యాసలో 'డచ్' అంటే భార్య). నాకూ ఈ ఎంపిక మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమని తోచినది అదే.

ఆ పాటను 1892లో ఆల్బర్ట్ షెవాలియే రాసి పాడాడు. స్వరం కూర్చినది అతని సోదరుడు. నలభై సంవత్సరాలు కాపురం చేసిన ఒక ముసలాయన తన భార్యను గురించి, ఆమెతో సాటి రాగలవారు ఈ లోకంలో లేరని చెప్పుకునే పాట ఇది. వినడానికి మామూలు అనురాగ గీతంలాగే ఉంటుంది. అయితే షెవాలియే దీనిని రంగస్థలం మీద ప్రదర్శించిన విధానం తెలిస్తే పాట బరువు అర్థమవుతుంది. తెర మీద వర్క్‌హౌస్ ద్వారం కనిపిస్తుంది. గతిలేని పేదలను చేర్చుకునే ఆ శరణాలయాల్లో మగవారిని ఒకవైపు, ఆడవారిని మరోవైపు ఉంచేవారు. వృద్ధ దంపతులు ద్వారం దగ్గరికి వస్తారు, కాపలావాడు ఇద్దరినీ చెరొక దారినా పొమ్మంటాడు, అప్పుడు ముసలాయన పాట అందుకుంటాడు. నలభై ఏళ్లలో ఏ ఒక్కరోజూ విడిపోని జంటను పేదరికం విడదీస్తున్న క్షణంలో ఈ మాటలు పలుకుతున్నాడన్న సంగతి తెలిసిన తరువాత, దీనిని బల్లలు చరుస్తూ హుషారుగా పాడడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ పాటను నెమ్మదిగా, పెళ్లికొడుకు తాతగారు ఒక్కరే మొదలుపెట్టేటట్లు, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు మాత్రమే అందరూ కలిసేటట్లు ఏర్పాటు చేశాము. రెండు కుటుంబాల్లోని పెద్ద దంపతులందరూ ఆ సమయంలో నృత్యం చేసే చోటికి రావాలని కోరుతున్నాము. కొత్త జంట ఆ ఒక్క పాటకూ పక్కన నిలబడి చూస్తుంది.

మొదటి పాటగా మాత్రం 'డైసీ బెల్' ఉండాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఇది కూడా 1892 నాటిదే, హ్యారీ డాక్రే రచన. బండి కట్టించే స్తోమత లేని ఒక యువకుడు, ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ మీద నువ్వు అందంగా ఉంటావంటూ తన డైసీని పెళ్లికి ఒప్పించబోతాడు. సైకిల్ మోజు ఊపు మీదున్న కాలమది. పెళ్లి విందుకు ఇంతకంటే తగిన సాహిత్యం దొరకదు. లండన్ పాటల పరిచయం బొత్తిగా లేనివారు కూడా ఇంగ్లండ్‌లో బడికి వెళ్లి ఉంటే ఈ పల్లవిని ఎక్కడో ఒకచోట వినే ఉంటారు, కనుక మావైపు పిల్లలందరూ గొంతు కలపగలరు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మకు ఇంగ్లీషు పాటలతో పరిచయం లేదు. అయినా నేను ఫోన్‌లో దీనిని వినిపించినప్పుడు రెండో వరుసకల్లా తొడ మీద తిశ్రగతిలో తాళం వేయడం మొదలుపెట్టింది. మూడు మాత్రల ఊయల నడక ఈ పాటది, మాటలు రాకపోయినా చేతులు కలపవచ్చు.

అయితే ఈ పాటలో ఒక చిక్కు ఉంది. పల్లవి మొదలయ్యేదే పైస్థాయి స్వరంతో. అక్కడినుంచి మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది. శ్రుతి కొంచెం ఎక్కువగా పెట్టారంటే తొలి అక్షరమే చాలామందికి అందదు, అందక ఊరుకున్నవారు ఇక ఆ పాట మొత్తం నోరు విప్పరు. పియానో వాయించే పెద్దమనిషి ఈ సంగతి తానే ముందుగా చెప్పి, పాటలన్నిటినీ అచ్చు పుస్తకాల్లో ఉన్నదానికంటే తగ్గించి వాయిస్తానన్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ గొంతుకు సరిపోయే శ్రుతినే మేము కొలమానంగా పెట్టుకున్నాము, ఎందుకంటే ఆవిడ వయసువారు హాయిగా పాడగలిగితే మిగిలినవారందరూ పాడగలరు.

ఆ తరువాతి స్థానం 'డోంట్ డిల్లీ డాలీ ఆన్ ద వే'ది. 1919 నాటి ఈ పాటను తన సొంతం చేసుకున్న గాయని మేరీ లాయిడ్ 1870లో హాక్స్‌టన్‌లో పుట్టింది. 1922లో ఆమె మరణించినప్పుడు అంతిమయాత్రకు లండన్ వీధుల్లో జనం వేల సంఖ్యలో బారులు తీరారు. అద్దె కట్టలేక రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసే దంపతుల కథ ఇది. సామాను బండిలోకి ఎక్కగా భార్యకు చోటు మిగలదు. పెంపుడు పిట్టను పట్టుకుని ఆమె వెనుక నడుస్తూ, దారిలో ఒక గుక్క తాగడానికి ఆగి, బండిని పోగొట్టుకుని, దారి తప్పుతుంది. కష్టాన్ని ఇంత సరదాగా చెప్పుకోవడం ఆ పేటల స్వభావం. కొత్త కాపురం పెట్టబోయే జంట ముందు ఇంటి సామాను పాట పాడడం సందర్భానికి సరిగ్గా సరిపోయింది.

హ్యారీ ఛాంపియన్ పాటల దగ్గర కొంత చర్చ జరిగింది. 1911 నాటి 'ఎనీ ఓల్డ్ ఐరన్', అంతకు రెండేళ్ల ముందరి 'బాయిల్డ్ బీఫ్ అండ్ క్యారట్స్' అతడు ఊపిరి సలపనంత వేగంతో పాడినవి. మొదటిది తీసుకున్నాము, రెండోది వదిలేశాము. ఒకే నడకలో రెండు పాటలు వరుసగా వస్తే రెండోది వెలవెలబోతుంది. ఏడుగురు హెన్రీలను పెళ్లాడిన పొరుగింటి విధవను చేసుకుని తాను ఎనిమిదో హెన్రీనయ్యానని ఒకడు గర్వంగా చెప్పుకునే పాట కూడా ఛాంపియన్‌దే. శుభకార్యంలో ఈ ప్రస్తావన బాగుంటుందా అని మా చెల్లెలు సందేహించింది. వియ్యపురాలిని పాటలతో ఆటపట్టించే ఆచారం మన పెళ్లిళ్లలోనూ ఉన్నదేనని, ఇందులో నొప్పించే మాట ఏదీ లేదని అమ్మ తీర్పు చెప్పడంతో అది ఉండిపోయింది.

ప్రియుడికి అప్పటికే భార్య ఉందని చర్చి దగ్గర తెలుసుకున్న పెళ్లికూతురి పాట, 1906లో వెస్టా విక్టోరియా పాడిన 'వెయిటింగ్ ఎట్ ద చర్చ్', చాలా పెళ్లిళ్లలో పాడతారట. పెళ్లికూతురు ఎదుటే ఆ మాటలు పాడడం నాకు నచ్చలేదు, తీసివేశాను. చాస్ అండ్ డేవ్ పాటల విషయంలో ఇంకా గట్టిగా నిలబడవలసి వచ్చింది. మ్యూజిక్ హాల్ ధోరణినీ రాక్ అండ్ రోల్‌నూ కలిపి కాక్నీ యాసలోనే పాడిన ఆ జంట అంటే నాకూ ఎనలేని గౌరవం. 1982లో వారి 'ఎయింట్ నో ప్లీజింగ్ యూ' బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి చేరింది. పెళ్లికొడుకు బాబాయి అది ఉండి తీరాలన్నారు. కానీ అది ఎంత చేసినా తృప్తి పడని భార్యను వదిలి వెళ్లిపోతున్న భర్త పాట. రాగం తీయగా ఉన్నంత మాత్రాన సాహిత్యాన్ని విస్మరించలేము. అందరూ ఒక్క గొంతుతో, కొత్త జంటను చూస్తూ పాడే ఆ ముప్పావు గంటలో దానికి చోటు లేదని చెప్పి, రాత్రి పొద్దుపోయాక డీజే వేసే పాటల్లో చేర్చాము. ఆయన ఒప్పుకున్నారు.

నృత్యం ఉన్న పాటలు రెండు తీసుకున్నాము. 'ద ల్యాంబెత్ వాక్' 1937 నాటి సంగీత నాటకంలోది, స్వరకర్త నోయెల్ గే. నిజానికి ల్యాంబెత్ థేమ్స్ నదికి దక్షిణాన ఉన్నది, ఈస్ట్ ఎండ్ కాదు. అయినా కాక్నీ విందు ఇది లేకుండా సాగదు. చేతులూపుకుంటూ దర్జాగా నడవడం, జంటగా మోచేతులు పెనవేసి తిరగడం, చివర బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి చూపుతూ 'ఓయ్' అని అరవడం, అంతే. పట్టుచీర కట్టుకున్నవారు కుచ్చిళ్లు చెదరకుండా చేయగలిగిన నృత్యం ఇది, 'ఓయ్' అనడం మనవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. 'నీస్ అప్ మదర్ బ్రౌన్' అటువంటిది కాదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, మోకాళ్లు పైకి ఎత్తి గెంతుతూ, పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ వేగం పెంచుకుంటూ పోవాలి. 1918లో యుద్ధ విరమణ రాత్రి లండన్ జనం పాడుకున్న పాటగా దీనికి పేరు. దీనిని భోజనం అయిన వెంటనే పెట్టడం ప్రమాదకరం కనుక చివరికి జరిపాము. కూర్చుని చప్పట్లు కొట్టేవారి కోసం గోడ వెంబడి కుర్చీలు వేయిస్తున్నాము.

వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల కోసం 'ఐయామ్ ఫరెవర్ బ్లోయింగ్ బబుల్స్' ఉంది. పుట్టుకతో ఇది అమెరికా పాట, అయినా ఆ క్లబ్బు దశాబ్దాలుగా దీనిని తన గీతం చేసుకుంది. 2016 వరకు క్లబ్బు ఆడినది గ్రీన్ స్ట్రీట్ పక్కనున్న అప్టన్ పార్క్ మైదానంలో. చీరలకూ నగలకూ మనవాళ్లు వెళ్లే వీధి అదే కావడంతో, మ్యాచ్ రోజుల్లో ఈ పాట చెవిన పడని తెలుగు కుటుంబం ఆ చుట్టుపక్కల ఉండదు. మా మేనల్లుళ్లకు ఇది కంఠతా వచ్చు. దీని వెంటనే హ్యూబర్ట్ గ్రెగ్ 1944లో, జర్మన్ ఎగిరే బాంబులు నగరం మీదుగా పోతున్న రోజుల్లో రాసిన 'మేబీ ఇట్స్ బికాజ్ ఐయామ్ ఎ లండనర్' పెట్టాము. లండన్ మీది ప్రేమను తప్ప మరి దేనినీ ప్రస్తావించని ఆ పల్లవిని ఇరువైపులవారూ సమాన హక్కుతో పాడగలరు.

రికార్డింగుల మీద పాడించే ఆలోచనను మొదటే మానుకున్నాము. రికార్డు ఎవరి కోసమూ ఆగదు. పియానో వాయించే మనిషి ఉంటే, జనం ఊపిరి తీసుకునే దాకా చివరి పాదాన్ని సాగదీస్తాడు, ఊపు వచ్చిన పల్లవిని మళ్లీ తిప్పుతాడు, ఒక పాట చివరి తంత్రి మోగుతుండగానే తరువాతి పాటలోకి జారిపోతాడు. 1960లలో పియానో వాద్యకారిణి మిసెస్ మిల్స్ రికార్డులు ఇంటింటి విందుల్లో మోగింది ఈ పద్ధతిలోనే. ఆవిడ ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుల పర్యవేక్షకురాలిగా పనిచేస్తూ, నడి వయసులో పేరు తెచ్చుకున్న మనిషి. ఆవిడ వాయించిన నిలువు పియానో ఆబీ రోడ్ స్టూడియోలో ఇప్పటికీ ఉంది. దాని సుత్తులకు లక్క పూసి గట్టిపరచడం వల్ల వచ్చే రేకు మోత వంటి నాదమే ఈ పాటలకు కావలసినది. మా హాలులో ఉన్నది ఎలక్ట్రిక్ పియానో. అందులో ఆ నాదానికి దగ్గరగా ఉన్నదాన్ని వెతికి పెట్టుకున్నాము.

పల్లవులు మాత్రమే ఉన్న కాగితాలను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి బల్లకు నాలుగు చొప్పున పెడుతున్నాము. మనిషికొకటి ఇస్తే ఎవరి కాగితంలో వారు తల దూర్చుకుంటారు. ఇద్దరు ముగ్గురికి ఒకటి ఉంటే తలలు దగ్గరకు చేరతాయి, తెలిసినవారు తెలియనివారికి వేలితో చూపుతారు. మావైపు పెద్దల కోసం అవే పల్లవులను తెలుగు లిపిలోనూ రాసి వెనుక వైపు అచ్చు వేయించాను. బల్లల దగ్గర ఇరువైపులవారినీ కలిపి కూర్చోబెట్టే పనిని మా చెల్లెలూ వియ్యపురాలూ ఈ ఆదివారం చూసుకుంటున్నారు.