ఒక్క గొర్రె సంగతి తేలకపోతే మందనంతా ఆపాలి: బిగ్‌హార్న్ పరీక్షల్లో నా అనుభవం

మళ్ళీ పట్టి చూడాలని నేను పట్టుబట్టిన ముసలి గొర్రె నంబరు ఎదురుగా, మొన్న ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టులో ‘డిటెక్టెడ్’ అని ఉంది, అంటే జబ్బు సూక్ష్మజీవి దొరికింది. ఈ చలికాలం వేరే కొండలకు తరలించాల్సిన మందను ఆపేశారు. నా మాట నెగ్గిందన్న సంతోషం ఉంది, కాదనను. అంతకంటే పెద్ద గండం గడిచిందన్న ఊరట ఉంది.

పశువైద్యం మన దగ్గరే చదివి, పై చదువుకు అమెరికా పడమటి కొండల వైపు వచ్చాను. ఇక్కడి అడవి గొర్రెల పేరు బిగ్‌హార్న్. వీటి ప్రాణం తీసేది మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే సూక్ష్మజీవి. అందరం ‘మోవి’ అంటాం. పెంపుడు గొర్రెలు, మేకలు దాన్ని ముక్కులో పెట్టుకుని మామూలుగానే తిరుగుతాయి. అడవి గొర్రెకు సోకిందంటే మాత్రం శ్వాసనాళంలో తెమడను పైకి నెట్టే సన్నని నూగు పనిచేయదు. మిగతా బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా ముదురుతుంది. బతికి బయటపడ్డ ఆడగొర్రెల్లో కొన్ని ఏళ్ళ తరబడి దాన్ని మోస్తూనే ఉంటాయి. వాటి వల్ల ఏటా పుట్టిన పిల్లలు పుట్టినట్టే దగ్గి దగ్గి చచ్చిపోతాయి. ఇడాహో, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు కలిసే హెల్స్ కెన్యన్‌లో ఈ గొర్రెలు పూర్తిగా అంతరిస్తే 1971 నుంచి బయటి మందలను తెచ్చి వదిలారు. 1995-96 చలికాలంలో అక్కడ న్యుమోనియాకు సుమారు 300 గొర్రెలు పోయాయి. అంత చరిత్ర కళ్ళ ముందుంది కాబట్టే తరలించే ముందు ఈ పరీక్షలు.

అనుమతులు, హెలికాప్టరు, వల వేసి పట్టడం అన్నీ సాఫీగా అయిపోయాయి. గొర్రెను దించగానే కళ్ళకు గంతలు కట్టి, కాళ్ళు బంధించి పడుకోబెడతాం. కళ్ళు మూస్తే సగం భయం తగ్గుతుంది. ఒకరు థర్మామీటరు చూస్తుంటారు, ఒళ్ళు కాగితే నీళ్ళు పోసి చల్లార్చాలి. నా పని ముక్కు. పొడవాటి స్వాబ్‌ను ముక్కు లోపలికి బాగా దూర్చి, గోడకు ఆనించి తిప్పి, ట్యూబులో ముంచి, కొస విరిచి మూత పెట్టాలి. రెండో ముక్కు రంధ్రంలోనూ అంతే. పైపైన తుడిచి ఇస్తే ల్యాబ్ ఏం చేస్తుంది? తర్వాత మెడలోంచి రక్తం, చెవుల్లో గజ్జి పురుగులకు ఇంకో స్వాబ్, చెవికి ట్యాగు, మెడకు జీపీఎస్ కాలర్. విప్పి వదిలితే వెనక్కి చూడకుండా రాళ్ళెక్కి పోతాయి.

ఫలితాలొచ్చాకే అసలు గొడవ. ముక్కు స్వాబ్‌లో సూక్ష్మజీవిని వెతికే పీసీఆర్‌లో అన్నీ నెగెటివ్, ఒక్క ముసలి గొర్రె ‘ఇండిటర్మినేట్’. అంటే ఉందనీ తేలలేదు, లేదనీ తేలలేదు. రక్తంలో యాంటీబాడీలు వెతికే ఎలీసా పరీక్షలో మాత్రం దానితో పాటు ఇంకొన్నింటికి అవి కనిపించాయి. ఈ మందలోకి మోవి ఎప్పుడో వచ్చిందన్నమాట. ఏదో ఒక గొర్రె ఇంకా మోస్తుండొచ్చు కదా, ముందు ఆ ముసలిదాన్ని మళ్ళీ పట్టి చూద్దాం అన్నాను.

మీటింగులో ఒక పెద్దాయన, ఏ ఆఫీసో చెప్పను, నా మాట పూర్తి కాకుండానే, ‘‘అది పాత జబ్బు. ట్రక్కులు మాట్లాడేశాం, బడ్జెట్ ఈ ఏడాదిదే’’ అన్నాడు. నేను లెక్క చెప్పాను. పదింట ఒకటి మోస్తున్న పెద్ద మందలో కనీసం ఒక్కటైనా 95 శాతం నమ్మకంతో చిక్కాలంటే, పరీక్షలో పొరపాటే లేదనుకున్నా 29 గొర్రెల్ని చూడాలి. మనం చూసింది అంతకంటే తక్కువ. పైగా మోసే గొర్రె రోజూ ముక్కులోంచి విడుదల చేయదు, ఒకరోజు స్వాబ్‌కు చిక్కదు, ఇంకోరోజు చిక్కుతుంది. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, ‘‘ఇవి మీ ఊరి గొర్రెలు కావమ్మా, ఇక్కడి పద్ధతులు నువ్వింకా నేర్చుకోవాలి’’ అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు. మా గైడ్ కూడా తల వంచుకుని కాగితాలు చూసుకున్నారు. ముఖం మంట పుట్టింది.

మా ఊరి గొర్రెల సంగతి చెప్తా. మాది నల్లగొండ జిల్లా, గొర్రెల కాపరుల ఇల్లు. 2017లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు పక్క రాష్ట్రం నుంచి వస్తే, మా నాయన వాటిని పాత మందలో కలపనే లేదు. వేరే దొడ్లో కట్టి, ముక్కు చూసి, దగ్గు విని, పేడ చూసి, చాలా రోజులకు గానీ కలపలేదు. బడి మొహం చూడని మనిషి. ఆ తెలివి ఆ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్ళకు ఎందుకు లేదని నా కోపం.

అదే మాట ఆ మీటింగులో నిలబడి చెప్పాను. నా అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయమని అడిగాను. రాతలో పడేసరికి గొంతులు మారాయి. కాలర్ సిగ్నల్ పట్టుకుని ఆ గొర్రెను వెతికి మళ్ళీ పట్టారు. ఈసారి ఒక్కరోజు స్వాబ్‌తో సరిపెట్టలేదు, కొన్నాళ్ళు దొడ్లో ఉంచి పదే పదే తీశాం. ‘డిటెక్టెడ్’ అలా తేలింది.

ఇలాంటి పనిలోకి వచ్చే మనవాళ్ళకు ఒక్కటే చెప్తా: నోటి మాటగా వాదించొద్దు, మెయిల్ పెట్టండి, తేదీ ఉండాలి. ట్యూబు మీద నంబరు మీ చేత్తోనే రాయండి, వేరేవాళ్ళకు ఇవ్వొద్దు. ‘ఇండిటర్మినేట్’ను నెగెటివ్ కిందికి నెట్టే పెద్దలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, వాళ్ళ వయసు చూసి ఊరుకోకండి.

ఆ గొర్రెను మందలోంచి తీసేశారు. దాన్ని చంపాల్సి రావడం నాకు ఇష్టం లేదు, బాధగానే ఉంది. కానీ మోసేవాటిని తీసేసిన చోట పిల్లలు బతకడం హెల్స్ కెన్యన్‌లోనే చూశారు. ఇక్కడ కూడా వచ్చే వేసవిలో పిల్లల్ని లెక్కపెట్టి, చలికాలంలో మందను మళ్ళీ పట్టి, అప్పుడే తరలింపు మాట ఎత్తుతారట. ఈసారి 29కి ఒక్కటి తగ్గినా సంతకం పెట్టనని ముందే మెయిల్ పంపాను.