ఏసీ సర్వీస్ షాపు డబ్బులు పెట్రోల్ తినేస్తోందా, జీతాలా?

వైజాగ్ లో ఏసీ సర్వీస్, వాషింగ్ మెషిన్ రిపేరు షాపులు కొన్నిటికి నేను లెక్కలు చూస్తుంటాను, ఏ ఓనర్ ని కదిపినా ఒకటే మాట, "పెట్రోలే తినేస్తందండి". పెట్రోల్ రోజూ చేత్తో ఇస్తారు కాబట్టి అది కళ్ళకి కనపడుతుంది గానీ నెలంతా రాసుకుని చూస్తే తినేది జీతాలు.

కాల్ వచ్చినా రాకపోయినా కట్టి తీరాల్సినవి ఫిక్స్‌డ్, అంటే అద్దె, జీతాలు, బండి ఈఎంఐ. కాల్ కి వెళ్తేనే అయ్యేవి వేరియబుల్, పెట్రోల్, కాయిల్ కడిగే కెమికల్, కుర్రాడికిచ్చే ఇన్సెంటివ్ లాంటివి. కరెంట్ బిల్లు మాత్రం రెండిట్లోకీ వస్తుంది, ఈపీడీసీఎల్ కమర్షియల్ బిల్లు తీసి చూడండి, కిలోవాట్ లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ ఒక లైను, యూనిట్ల చార్జీ ఇంకో లైను ఉంటాయి.

ఉదాహరణకి అద్దె 12,000, ఇద్దరు టెక్నీషియన్లకి 36,000, మిగతావన్నీ కలిపి 6,000 అనుకుందాం, మొత్తం 54,000. సర్వీస్ కి 600 తీసుకుంటే వేరియబుల్ 150 పోయి 450 మిగులుతుంది. అంటే నెలకి 120 కాల్స్ చేస్తే ఖర్చులకి సరిపోతుంది, అంతే. ఇందులో ఓనర్ కి జీతం లేదు! చాలామంది ఇక్కడే తమని తాము లెక్కలోంచి తీసేసుకుంటారు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోన్లు ఎత్తేది, పార్టులు తెచ్చేది, గొడవలు సర్దేది ఆయనే అయినా సరే. ఆయనకి 22,500 వేసి చూడండి, ఇంకో 50 కాల్స్ కావాలి.

నాకు బాగా బాధనిపించేది దూరం కాల్స్ విషయం. కూర్మన్నపాలెంలో షాపు, మధురవాడ నుంచి కాల్, కస్టమర్ ని వదులుకోలేక కుర్రాణ్ణి పంపించేస్తారు, వాడు గాజువాక, ఎన్ఏడీ ట్రాఫిక్ దాటుకుని వెళ్ళి వచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. పుస్తకంలో పెట్రోల్ ఒక్కటే రాస్తారు, ఆ టైములో దగ్గర్లో చేసుండాల్సిన రెండు కాల్స్ పోయాయి కదా, ఆ 900 ఎక్కడా రాయరు. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ కాల్స్ అన్నీ పోగేసి వారంలో ఒకరోజు పెట్టుకుంటే అదే జీతానికి రెట్టింపు పని అవుతుంది.

బీచ్ వైపు ఫ్లాట్లది ఇంకో కథ. ఉప్పు గాలికి ఔట్‌డోర్ యూనిట్ రేకులు తినేసి ఉంటాయి, బ్రష్ కాస్త గట్టిగా తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి. అక్కడ చెయ్యి నెమ్మదిగా ఆడాలి, కెమికల్ ఎక్కువ పడుతుంది, టైమూ ఎక్కువే, సీతమ్మధారలో తీసుకున్న రేటే లాసన్స్ బే కాలనీలోనూ తీసుకోవడం కరెక్ట్ కాదని నా అభిప్రాయం.

ఏప్రిల్, మే వచ్చేసరికి ఫోన్ ఆగదు, మూడో మనిషిని పెట్టేద్దామంటారు. నెల జీతానికి పెడితే 18,000 ఒక్కసారిగా ఫిక్స్‌డ్ లో చేరుతుంది, వాడి కోసమే ఇంకో 40 కాల్స్ ప్రతి నెలా, డిసెంబర్ లో కూడా రావాలి. సీజన్ వరకు కాల్ కి ఇంత అని మాట్లాడుకోవడమే మంచిది, అలా అని ముందే చెప్పి పెట్టుకోవాలి, మధ్యలో తీసేస్తే ఆ కుర్రాడికి అన్యాయం.

డిసెంబర్ లో ఎవరైనా 400 కి చేస్తారా అంటే చేసెయ్యండి, జీతం ఎలాగూ ఇస్తున్నారు, 150 పోయినా 250 చేతికొస్తుంది. మేలో అదే 400 కి ఒప్పుకుంటే 600 ఇచ్చేవాళ్ళ టైము 400 ఇచ్చేవాళ్ళకి ఇచ్చేసినట్టే. కాకపోతే ఒక్క జాగ్రత్త, డిసెంబర్ బిల్లులో 400 అని ఊరికే రాయకండి, సర్వీస్ 600, ఆఫ్ సీజన్ తగ్గింపు 200 అని రెండు లైన్లు రాయండి, మేలో ఫోన్ చేసి "మొన్న నాలుగొందలే కదా" అంటే చూపించడానికి ఉంటుంది.