వెర్డుగో ఆ క్యాచ్ పట్టాకే...

ఇవాళ శనివారం, బయటికెళ్ళే పనేం పెట్టుకోలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ 2024 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ పెట్టా, మొత్తం కాదు, పదో ఇన్నింగ్ ఒక్కటే. డాడ్జర్స్, యాంకీస్, లాస్ ఏంజిలస్‌లో. ఫ్రెడ్డీ ఫ్రీమన్ గ్రాండ్ స్లామ్ ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, కానీ ఇవాళ నా కళ్ళన్నీ దానికి ముందు జరిగినదాని మీదే.

క్రికెట్‌లో సిక్స్ కొడితే అవతలి ఎండ్‌లో ఎవరున్నా ఆరు పరుగులే. ఇక్కడ అలా కాదు, బేస్‌లు (రన్నర్లు పరిగెత్తుతూ ఆగే మూడు చోట్లు) ఖాళీగా ఉంటే హోమ్ రన్‌కి ఒక్క రన్నే వస్తుంది, మూడూ నిండి ఉంటేనే నాలుగు, దాన్నే గ్రాండ్ స్లామ్ అంటారు. ఎంత గొప్ప బ్యాటర్ అయినా ఆ ముగ్గురూ ముందే అక్కడికి చేరి ఉండాల్సిందే.

3-2తో యాంకీస్ ముందున్నారు. ఒక ఔట్ తర్వాత డాడ్జర్స్ బ్యాటర్లు లక్స్ వాక్‌తో (సరిగా పడని బంతులు నాలుగైతే ఫస్ట్ బేస్ ఊరికే ఇచ్చేస్తారు), ఎడ్మన్ సింగిల్‌తో (బంతి కొట్టి ఫస్ట్ బేస్ చేరడం) బేస్ ఎక్కారు. ఓతానీ రాగానే యాంకీస్ వాళ్ళు బంతులేయడానికి నెస్టర్ కోర్టెస్‌ని దింపారు, గాయం వల్ల నెలకు పైగా మ్యాచ్ ఆడని మనిషి. మొదటి బంతికే ఓతానీ ఫౌల్ (గీత బయటికి పోయే బంతి) లేపాడు, లెఫ్ట్ ఫీల్డర్ వెర్డుగో పరిగెత్తుకుంటూ వెళ్ళి పట్టేసి ఆ ఊపులో గోడ మీంచి జనంలోకి పడిపోయాడు. అబ్బ, ఏం క్యాచ్ అది! కానీ బంతి పట్టినవాడు అలా స్టాండ్స్‌లో పడితే రన్నర్లకి ఒక్కో బేస్ ఇచ్చేస్తారు, అది రూలు. దాంతో వాళ్ళిద్దరూ రెండు, మూడు బేస్‌లకి వెళ్ళారు, ఫస్ట్ బేస్ ఖాళీ అయింది.

ఇక రైట్ హ్యాండర్ బెట్స్‌ని కావాలనే వాక్ చేశారు. తర్వాత వచ్చేది చీలమండ బెణికి కుంటుతున్న ఫ్రీమన్, పైగా లెఫ్ట్ హ్యాండర్, కోర్టెస్ కూడా లెఫ్టే, లెఫ్ట్ చేత్తో వేసే బంతులు లెఫ్ట్ బ్యాటర్‌కి మామూలుగా కష్టం. ఆ లెక్కలో తప్పేం లేదు, నేనైనా అదే చేసేదాన్ని.

మొదటి బంతికే రైట్ ఫీల్డ్ స్టాండ్స్‌లోకి కొట్టేశాడు! 6-3. వరల్డ్ సిరీస్ చరిత్రలో మ్యాచ్ ముగించిన మొట్టమొదటి గ్రాండ్ స్లామ్. చిన్నప్పటి నుంచి తనకి బంతులేసి ప్రాక్టీస్ చేయించిన నాన్న దగ్గరికి పరిగెత్తాడు ఫ్రీమన్, వలకి అటొకరు ఇటొకరు, ఇవాళ కూడా అక్కడే ఏడ్చేశా.

వెర్డుగో నిలదొక్కుకుని ఉంటే? ఫస్ట్ బేస్ ఖాళీ అయ్యేదే కాదు, బెట్స్‌కే బంతి వేసేవాళ్ళేమో.

రేపు ఇదే గ్రౌండ్‌లో 1999 నాటి ఇన్నింగ్ చూడాలి, కార్డినల్స్ ఆటగాడు ఫెర్నాండో టాటీస్ చాన్ హో పార్క్ బౌలింగ్‌లోనే ఒకే ఇన్నింగ్‌లో రెండు గ్రాండ్ స్లామ్‌లు కొట్టాడు. రెండుసార్లూ ఆ బేస్‌లు ఎలా నిండాయో మొదటి నుంచీ చూస్తా.